రెండు పూటల విలువ

ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణం నుండి తార్నాక కూడలికి నడచిపోయే విద్యార్థులకు టీకొట్టు విడిదివంటిది. అక్కడ ఒక యువకుడు టీ వద్దని నిమ్మరసం అడుగుతున్నట్లు ఊహించవచ్చు. పొగాకు, మద్యములతోపాటు కాఫీ, టీలు కూడా అతనికి నిషిద్ధాలు. అతడు మోర్మన్ కుటుంబీకుడు. మిత్రుల పరిహాసాన్ని ఓర్చుకోవడం కష్టమే గాని, విశ్వాసానికి అసలైన పరీక్ష అది కాదు. ఆ పరీక్ష నెలకొకసారి, మొదటి ఆదివారంనాడు, హాస్టలు భోజనశాల ముందు ఎదురవుతుంది.

1830లో న్యూయార్క్ రాష్ట్రంలో జోసెఫ్ స్మిత్ ఈ మతశాఖను స్థాపించాడు. యేసు క్రీస్తు యొక్క కడవరి-దిన పరిశుద్ధుల సంఘము అన్నది దాని పూర్తి పేరు. మోర్మన్ అనే వాడుకపేరును విడిచి పూర్తి పేరునే వాడవలసిందిగా 2018లో సంఘాధ్యక్షుడు రస్సెల్ నెల్సన్ కోరాడు. హైదరాబాదుకు ఈ విశ్వాసం సమోవా ద్వీపాల నుండి రావడం విశేషం. అక్కడ ఈ మతాన్ని స్వీకరించిన ఎడ్విన్, ఎల్సీ ధర్మరాజు దంపతులు 1978 డిసెంబరులో స్వస్థలానికి వచ్చి, బంధువులకు బోధించగా ఇరవై ఇద్దరు బాప్తిస్మం పొందారు. 2012లో భారతదేశపు మొదటి ‘స్టేక్’, అనగా స్థానిక సంఘాల సమూహం, హైదరాబాదులోనే ఏర్పడింది.

మొదటి ఆదివారం ఈ సంఘీయులు వరుసగా రెండు పూటలు అన్నపానీయాలు మానుతారు. అనారోగ్యవంతులకు మినహాయింపు ఉన్నది. ఏకాదశి, రంజాను ఎరిగిన నగరానికి ఉపవాసం క్రొత్త కాదు. ఇక్కడి నియమమేమంటే, మానిన భోజనాల విలువను, శక్తి ఉంటే అంతకు మించి, పేదల కొరకు కానుకగా ఇవ్వాలి. ఆదాయంలో పదోవంతుగా చెల్లించే దశమభాగం దీనికి వేరు.

హాస్టలు విద్యార్థికి ఇక్కడే చిక్కు వస్తుంది. మెస్ బిల్లు నెలకంతటికీ కట్టవలసినదే. రెండు పూటలు తినకపోయినంత మాత్రాన అతనికి ఒక్క రూపాయి మిగలదు. మరి కానుక ఎక్కడిది? మిగిలినదాన్ని ఇవ్వడం వేరు, మిగలనప్పుడు ఇవ్వడం వేరు. బస్సు ఛార్జీకి ఉంచుకొన్న డబ్బు తీసి, ఆ వారమంతా తార్నాకకు నడవవలసి రావచ్చు.

మోర్మన్ గ్రంథంలో బెంజమిన్ అనే రాజు ఈ చిక్కును ముందే ఊహించాడు. యాచకుణ్ణి చూచి, వాని దుఃఖం వాని స్వయంకృతమని చేయి ముడుచుకోరాదని అతడు ప్రజలను మందలిస్తాడు. దేవుని ఎదుట అందరూ యాచకులే గదా అని అతని వాదం. ఏమీ లేని పేద, ఉంటే ఇచ్చేవాడనని మనస్సులో అనుకొంటే దోషి కాడంటాడు. శక్తికి మించి పరుగెత్తవద్దనీ అంటాడు. అయితే తన వద్ద నిజంగా లేదో, ఉండి దాచుకొన్నాడో విద్యార్థి తనకు తానే తేల్చుకోవాలి.

ఇచ్చిన ధనం బిషప్పు చేతికి చేరుతుంది. ఇతర క్రైస్తవ శాఖలలో బిషప్పు అనేక చర్చీలకు అధిపతి. ఇక్కడ ఒక్క స్థానిక సంఘానికే పెద్ద. జీతం లేదు. పగలు తన ఉద్యోగం తాను చేసుకొంటూ, సాయంకాలం ఎవరి ఇంట బియ్యం నిండుకొన్నవో, ఎవరికి అద్దె బాకీ ఉన్నదో విచారిస్తాడు. వీలైనంతవరకు నగదుకు బదులు అవసరమైన వస్తువులు సమకూరుస్తాడు. సహాయం పొందినవారిని తమకు చేతనైన పని చేయమంటాడు. ఈ షరతు కఠినంగా తోచినా, బిచ్చం పుచ్చుకొన్నామన్న చిన్నతనం నుండి వారిని కాపాడుతుంది.

ఇచ్చేవానికున్నట్లే దాచేవానికీ బాధ్యత ఉన్నది. సంఘం తన భారీ వాటాల వివరాలు బయటపడకుండా కొన్ని కంపెనీల పేరిట చూపిందని, 2023 ఫిబ్రవరిలో అమెరికా సెక్యూరిటీస్ అండ్ ఎక్స్ఛేంజ్ కమిషన్ సంఘానికి, దాని పెట్టుబడుల సంస్థకు కలిపి 50 లక్షల డాలర్ల జరిమానా విధించింది. సంఘం తప్పులకు విచారం తెలిపింది. పేదవాని పేరు దాచడంలో గౌరవం ఉన్నది. నిధి పరిమాణాన్ని దాచడంలో లేదు. బస్సు ఛార్జీ ఇచ్చి నడచిన విద్యార్థికి ఆ వివరం అడిగే హక్కు ఉన్నది.

పేరు దాచే నియమాన్ని మాత్రం బిషప్పు తప్పడు. ఆ ఆదివారం ప్రార్థనామందిరంలో కానుక ఇచ్చినవాడు, గత నెల దానితో ఫీజు కట్టుకొన్నవాడు ఒకే బల్లపై ప్రక్కప్రక్కన కూర్చొని ఉండవచ్చు. ఇద్దరూ ఆకలితోనే ఉంటారు.