ఫోన్‌లో ఫొటో ఉంది కదా మేడమ్!

డెంటల్ కాలేజీల మీద ఫిర్యాదులతో ఈమధ్య మా ఆఫీసు మెట్లెక్కేవాళ్లు ఎక్కువయ్యారు. అందరిదీ దాదాపు ఒకే పాట. పన్ను నొప్పని వెళ్తే ఒక స్టూడెంట్ ఎక్స్‌రే తీశాడు, సరిగ్గా రాలేదని మళ్లీ తీశాడు, మర్నాడు ఇంకో బ్యాచ్ వచ్చి మళ్లీ మొదలుపెట్టింది. ఆ ఫిల్ములేవీ అనడిగితే జేబులోంచి ఫోన్ తీస్తారు. ‘ఫొటో ఉంది కదా మేడమ్!’

కేసులు మునిగేది ఆ ఫొటోతోనే.

తాజాగా వచ్చినావిడ ఇంట్లో మిషన్ కుట్టుకుని బతుకుతుంది. కింది దవడ పన్నుకు రూట్ కెనాల్ ఉచితంగా అవుతుందని ఓ ప్రైవేటు డెంటల్ కాలేజీకి వెళ్లింది. మొదటి ఎక్స్‌రేలో వేరు కొస పడలేదు. రెండోది సగం తెల్లగా వచ్చింది. మూడోది పనికొచ్చింది. ఇక్కడిదాకా నాకు పెద్ద అభ్యంతరం లేదు. నేర్చుకునే చోట ఒకటి రెండు చెడతాయి, పక్కన సార్ ఉండి ఎందుకు చెడిందో చూపిస్తే చాలు. ఆ తర్వాత ఆ కుర్రాడు అన్న మాట వినండి: ‘ఆంటీ, నా కోటాకు పైపళ్లవి రెండు తక్కువయ్యాయి, ఒక్క నిమిషం.’ పైపళ్లలో ఆవిడకు నొప్పి లేదు, పుప్పి లేదు. అయినా నోరు తెరిచింది. ఉచితంగా చేస్తున్నారు కదా, కాదంటే ఏమనుకుంటారోనని.

ఇప్పుడావిడ భయం క్యాన్సర్. పిటిషన్‌లో అదే పెద్దక్షరాలతో రాయమంటుంది. నేను రాయను. చిన్న పంటి ఎక్స్‌రేకు పడేది కొన్ని మైక్రోసీవర్టులు. నేల నుంచీ ఆకాశం నుంచీ మనిషి ఒంటికి చేరే సహజ రేడియేషన్ ప్రపంచ సగటున ఏడాదికి 2.4 మిల్లీసీవర్టులు, అంటే రోజుకు ఆరేడు మైక్రోసీవర్టులు. సుమారుగా ఒక రోజు లెక్క, అంతే. దవడంతా తీసే ఓపీజీకి ఇంకాస్త ఎక్కువ, సీబీసీటీ అనే త్రీడీ స్కాన్‌కు చాలా ఎక్కువ. సీసపు ఏప్రన్ కప్పలేదన్న ఒక్క వాదన మీదా కేసు నిలబెట్టకండి. దంత ఎక్స్‌రేలకు ఏప్రన్, థైరాయిడ్ కాలర్ అక్కర్లేదని అమెరికన్ డెంటల్ అసోసియేషన్ 2024లో చెప్పేసింది. అవతలి లాయరు ఆ కాగితం పట్టుకునే వస్తాడు.

మరి తప్పెక్కడుంది? సామాన్య ప్రజలకు ఏడాదికి 1 మిల్లీసీవర్టు దాటకూడదనీ, రేడియేషన్‌తో పనిచేసేవాళ్లకు ఐదేళ్ల సగటున ఏడాదికి 20 దాటకూడదనీ మన అణుశక్తి నియంత్రణ మండలి పరిమితి పెట్టింది. రోగికి మాత్రం పరిమితి లేదు. వైద్యానికి ఎంత అవసరమో ముందే గీత గీయలేరు కాబట్టి. అందుకే రోగికి కాపలా ఒక్కటే: ఈ ఎక్స్‌రే ఈ మనిషికి ఎందుకు అన్న కారణం. ఆ కారణం రోగి నోట్లో ఉండాలి, స్టూడెంట్ రికార్డు పుస్తకంలో కాదు. మోతాదు గోరంతే అయినా, కారణం లేకుండా తీస్తే అది తప్పే. సమీరా కోహ్లీ కేసులో 2008లో సుప్రీంకోర్టు చెప్పినట్టు, ఒకదానికి ఇచ్చిన అంగీకారం ఇంకోదానికి చెల్లదు. కింది పన్నుకు తెరిచిన నోరు పైపళ్లకు అనుమతి అయిపోదు.

‘ఫ్రీగా చేశాం, వినియోగదారు ఎలా అవుతుంది?’ అని కాలేజీ వాళ్లు నోటీసుకు జవాబిచ్చారు. దానమిచ్చిన ఆవుకు పళ్లు లెక్కపెట్టకూడదన్నమాట! అందరికీ ఉచితంగా చేసే ఆస్పత్రి వినియోగదారుల చట్టం కిందికి రాదు, నామమాత్రపు ఓపీ రుసుం తీసుకున్నా రాదు. నిజమే. కానీ కొందరి దగ్గర డబ్బు తీసుకుని కొందరికి ఉచితంగా చేస్తే, ఆ ఉచిత రోగులు కూడా వినియోగదారులేనని 1995లో వి.పి.శాంత కేసులోనే తేలిపోయింది. ఇంప్లాంటుకు, కట్టుడు పళ్లకు రసీదులిచ్చే కాలేజీ ఈ మాట ఇంకా అనడం మన ఓపిక మీద నమ్మకమే.

అయినా ఈ కేసు కుంటుతోంది. కేసు షీటు తెప్పిస్తే అందులో ఒక్కటే ఎక్స్‌రే రాసి ఉంది. మిగతావాటికి మన సాక్ష్యం? ట్యూబ్‌లైటుకు ఎత్తిపట్టిన ఫిల్ము, వెనక ఫ్యాను రెక్క, అంచున ఎవరిదో బొటనవేలు. పేరు లేదు, తేదీ లేదు, ఓపీ నంబరు లేదు. అది ఈవిడ పన్నో, పొరుగింటావిడ పన్నో చెప్పేవాళ్లెవరు? వినియోగదారుల కమిషన్ సాక్ష్య చట్టాన్ని అక్షరాలా పట్టుకోకపోయినా, పేరు లేని బొమ్మను నమ్మదు. సివిల్ కోర్టుకెళ్తే భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ కూడా జతచేయాలి.

కాబట్టి మళ్లీ చెప్తున్నా: ఫోన్ ఫొటో ఎక్స్‌రే కాదు. ఫిల్మయితే కవరు మీద పేరు, తేదీ, ఓపీ నంబరు రాయించుకోండి. కంప్యూటర్లో తీసే ఆర్‌వీజీ అయితే అవన్నీ కనిపించేలా ప్రింటు అడగండి. ‘సిస్టమ్‌లో ఉందిలే అమ్మా’ అన్న మాట విని గేటు దాటకండి. ఆ సిస్టమ్ నోటీసు వెళ్లిన రోజునే పాడవుతుంది. ఎన్నిసార్లు తీశారో, ఏ పన్నుకు తీశారో ఓపీ చీటీ మీద రాసివ్వమనండి.

అక్కడే ఇవ్వకపోతే తెల్లకాగితం మీద అర్జీ పెట్టండి. దంత వైద్యుల నియమావళి 2014 ప్రకారం అడిగిన 72 గంటల్లో రికార్డు ఇవ్వాలి. రికార్డు గుమస్తా మాత్రం ప్రిన్సిపాల్ సంతకం కావాలంటాడు, ప్రిన్సిపాల్ మీటింగులో ఉంటారు. అర్జీ తీసుకున్నట్టు స్టాంపు వేయకపోతే అక్కడ గొడవపడకుండా స్పీడ్‌పోస్టులో పంపి రసీదు దాచండి. ప్రభుత్వ కాలేజీ అయితే సమాచార హక్కు దరఖాస్తు కూడా వేయొచ్చు. రికార్డు దాచాల్సిన గడువు మూడేళ్లు, అదీ వైద్యం మొదలైన రోజు నుంచి. ఫిర్యాదుకు మీకున్నది రెండేళ్లే.

మా మిషన్ కుట్టే ఆవిడకు ఆ రెండేళ్లలో ఇంకా కొంత మిగిలింది. కాలేజీ ఎక్స్‌రే గది రిజిస్టరు, ఆ కుర్రాడి కోటా పుస్తకం కమిషన్ ముందు పెట్టించమని పిటిషన్ వేశాం. మార్కుల కోసం పైపళ్ల ఎక్స్‌రేలు రెండూ అందులో అతికించే ఉంటాడు.