మాడు కన్నా ఆకలితోనే భయం

ప్రశ్న: మా అబ్బాయి రెండు నెలల చివావా పిల్లను తెచ్చాడు. ‘టీకప్’ రకమట. మాడు మెత్తగా ఉంది, భయమేస్తోంది. ఎలా పెంచాలి?
– ఓ పాఠకురాలు, విద్యానగర్

జవాబు: ఈ మెక్సికో జాతిలో మాడు పూడకపోవడం మామూలే, కొన్నింటికి జన్మంతా అలాగే ఉంటుంది. సోఫా మీంచి దూకనివ్వకండి, తలకు దెబ్బ తగలనివ్వకండి, చాలు.

నా భయమల్లా ఆకలి గురించే. ఇంత చిన్న ఒంట్లో చక్కెర నిల్వ తక్కువ. పూట తప్పితే వణుకుతుంది, తూలుతుంది, చివరికి కూలబడుతుంది. అలా అయితే చిగుళ్లకు కాస్త తేనె రాసి, వెంటనే డాక్టరు దగ్గరికి పరుగెత్తండి. రోజుకు నాలుగుసార్లు కొద్దికొద్దిగా పెట్టండి. ఉల్లిపాయ పడిన కూర, ద్రాక్ష, చాక్లెట్ వద్దే వద్దు.

‘టీకప్’ అనే జాతి లేదు, అది అమ్మేవాళ్ల మాట. జాతి ప్రమాణం ప్రకారమే చివావా 2.7 కిలోలు మించకూడదు. పొగరు మాత్రం అల్సేషియన్‌ది! ఒక్కరినే అంటిపెట్టుకుంటుంది, కాలింగ్ బెల్ మోగితే ఇల్లెగరగొడుతుంది. వీధికుక్కల మీదికీ ఉరుకుతుంది కనుక బయట చంకనెత్తుకోండి. మెడపట్టీ బదులు ఛాతీ పట్టీ వాడండి, శ్వాసనాళం సున్నితం.

మూడో నెల నిండగానే రేబిస్ టీకా వేయించండి. ప్రభుత్వ సూపర్ స్పెషాలిటీ పశువైద్యశాల మీకు దగ్గర్లో, నారాయణగూడలోనే ఉంది.