అడ్వాన్స్ అనే మాటలో మూడు రకాల డబ్బు

అమ్మడూ, రాజమండ్రిలో లాలాచెరువు దగ్గర ఫ్లాటు చూశానన్నావు. మీ తాతగారి బదిలీల పుణ్యమా అని తణుకు, అమలాపురం, కాకినాడ, రాజమండ్రి తిరిగి తొమ్మిది అద్దె ఇళ్లు మారినదాన్ని. ఇప్పుడు దానవాయిపేటలో ఒక ఫ్లాటు అద్దెకిస్తున్నదాన్ని కూడాను. రెండు గట్ల మీదా నిలబడి చూసినవి చెబుతున్నాను.

1. ఇల్లు వేరేవాళ్లకి ఇవ్వకుండా ఆపడానికి చేతిలో పెట్టేది టోకెన్. ముందుగా కట్టేది మొదటి నెల అద్దె. ఖాళీ చేశాక తిరిగి రావలసింది డిపాజిట్. మనవాళ్లు మూడింటినీ అడ్వాన్సనే అంటారు, తగువు అక్కడే పుడుతుంది. ఒకసారి మేం ఐదొందలు టోకెనిచ్చి, ఆషాఢం వెళ్లాక శ్రావణంలో పాలు పొంగిద్దామనుకున్నాం. తీరా చేరాక ఓనరుగారు, "డబ్బిచ్చిన రోజు నుంచే కదండీ ఇల్లు మీదీ" అని ఆ నెల అద్దె కూడా లెక్కకట్టారు. ఆయన్నేమనగలం, అడగంది మేమే. అద్దె ఏ తేదీ నుంచి, టోకెన్ డిపాజిట్లో కలుస్తుందా, మనసు మారితే పోతుందా? ఈ మూడూ డబ్బు తియ్యకముందే అడుగు.

2. మన వైపు రెండు మూడు నెలల అద్దె డిపాజిట్‌గా అడుగుతారు. బెంగళూరులో పది నెలలది అడిగే అలవాటుందని మీ బాబాయి లబోదిబోమనేవాడు. 2021లో కేంద్రం ఆమోదించిన నమూనా అద్దె చట్టం, కాపురముండే ఇంటికి రెండు నెలలు మించొద్దంటుంది. అది రాష్ట్రాలకిచ్చిన నమూనా మాత్రమే. బేరానికి పనికొస్తుంది, పోట్లాటకి కాదు.

3. అసలు కోత రంగుల దగ్గర పడుతుంది. ఖాళీ చేసే రోజున "పెయింటింగ్‌కి ఒక నెల అద్దె పట్టుకుంటామండీ" అంటారు. మన ఊళ్లలో వానాకాలం గోడలు చెమ్మెక్కి పెచ్చులూడతాయి, అందులో నీ తప్పేముంది? 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ కూడా మామూలు వాడకంలో వచ్చే అరుగుదలని అద్దెకున్నవాళ్ల నెత్తిన వెయ్యదు. పగలగొట్టిన వాష్‌బేసిన్ మాత్రం నీదే. కోతకి ఒప్పుకుని అగ్రిమెంటులో సంతకం పెట్టేస్తే ఆ సెక్షన్ నిన్ను ఆదుకోదు, చదివి పెట్టు. చేరే రోజున ఓనర్ని పక్కన పెట్టుకుని గోడలు, కుళాయిలు వీడియో తియ్యి. ఓనరుగా నేనూ ఒక తప్పు చేశాను. నా ఫ్లాటులో ఆరేళ్లు అద్దెకున్న కుర్రాడి దగ్గర రంగుల ఖర్చంతా పట్టుకున్నాను. ఆరేళ్లయ్యాక ఆ గోడలకి ఎలాగూ రంగెయ్యాలి కదా! కోటగుమ్మం దగ్గర ఎదురైతే ఇప్పటికీ నమస్కారం పెడతాడు, నాకే తల దించుకోవాలనిపిస్తుంది.

4. మెయింటెనెన్స్ అద్దెలో కలిసిందో, విడిగానో అడుగు. వాచ్‌మన్ జీతం, లిఫ్టు కరెంటు, బోరు మోటారు ఖర్చు అద్దెకున్నవాళ్లు కట్టుకోవడం న్యాయం. కొత్త లిఫ్టు, మేడ మీద లీకేజీ పని ఓనరువి.

5. ఈపీడీసీఎల్ కరెంటు బిల్లు సర్వీసు నంబరు మీద వస్తుంది. పాతవాళ్ల బకాయి ఉందేమో చేరకముందే చూసుకో.

6. అగ్రిమెంట్లు 11 నెలలకే ఎందుకు రాస్తారంటే, 1908 రిజిస్ట్రేషన్ చట్టం మూలపాఠం ప్రకారం ఏడాది దాటిన లీజుని రిజిస్టర్ చేయించాలి; మన రాష్ట్ర సవరణ మాత్రం ఏ లీజుకైనా రిజిస్ట్రేషన్ కావాలంటుంది. నోటీసు గడువు రాసుకోకపోతే నెలవారీ అద్దెకి 15 రోజులు చాలంటుంది ఇందాకటి ఆస్తి బదిలీ చట్టం. ఓనర్లు సాధారణంగా ఒకటి రెండు నెలలు రాయిస్తారు. పుష్యంలోనో భాద్రపదంలోనో ఖాళీ చేశావనుకో, శూన్యమాసంలో కొత్తవాళ్లు పాలు పొంగించరు. "వాళ్లొచ్చాక మీ డబ్బిస్తాం" అన్న మాట అప్పుడే వినిపిస్తుంది. తాళాలిచ్చిన రోజే డిపాజిట్ ఇవ్వాలని ముందే రాయించు.

7. డిపాజిట్ డబ్బు ఫోన్లో పంపేటప్పుడు కింద గడిలో "డిపాజిట్, తిరిగి ఇవ్వవలసినది" అని రాయి. అడ్వాన్స్ అని మాత్రం రాయకు.