చెఱకుగడ నేర్పిన శాస్త్రము

హైదరాబాదు నుండి బొంబాయికి పోవు రహదారిపై సుమారు నూఱు కిలోమీటర్ల దూరమున, కర్ణాటక సరిహద్దు చేరువలో జహీరాబాదు పట్టణము కలదు. అచటి ఎఱ్ఱనేలలలో అల్లము, బంగాళాదుంపలతోపాటు చెఱకు పండును. పట్టణ సమీపమునగల కొత్తూరు (బి) గ్రామమున నిజాం షుగర్సు సంస్థవారు ఒక పంచదార కర్మాగారమును నెలకొల్పిరి. పిదప అది ప్రైవేటు యాజమాన్యము క్రిందికి వచ్చినది.

చెఱకు నఱికినది మొదలు రైతునకు తొందర ఎందులకో మీరెఱుగుదురా? కోసిన గడ ఎండి తూకము తగ్గుటయే కాదు, దానిలోని చక్కెర విడిపోయి గ్లూకోజు, ఫ్రక్టోజు అను వేఱు పదార్థములుగా మారనారంభించును. అవి తీపివే కాని, చక్కెరను పలుకులుగా కట్టనీయవు. అందుచేత కోసిన మఱునాటికే గడ గానుగలో పడవలెను. బండి ఆలస్యమైనచో రైతునకును నష్టము, కర్మాగారమునకును నష్టము.

గానుగలో తీసిన రసమునకు సున్నపు తేటయు, గంధకపు పొగయు కలిపి మలినములను తేర్తురు. తేరిన రసములో ఎనుబది పాళ్లకు పైగా నీరే. ఆ నీటిని మరిగించి పోగొట్టుట ఎట్లు? ఇంటిలో బెల్లము వండునట్లు పెద్ద పెనములలో వండినచో అడుగు మాడును, వంటచెఱకు లెక్కకు మిక్కిలి కావలయును. పూర్వము అమెరికాలోని లూసియానాలో బానిసలు మరుగుచున్న రసమును ఒక కాగు నుండి మఱియొక కాగులోనికి గరిటెలతో తోడెడివారు. ఒడలు కాలినవారు ఎందఱో!

ఆ రాష్ట్రముననే 1806లో జన్మించిన నార్బర్ట్ రిల్యూ దీనికి ఉపాయము కనుగొనెను. తల్లి నల్లజాతి స్త్రీ యగుటచే ఆయన జాతివివక్షకు గుఱియైనవాడు, చదివినది పారిసులో. ఒక పాత్రలో రసము మరుగగా వెలువడు ఆవిరిని వృథా చేయక, దానితోనే రెండవ పాత్రను కాచుట ఆయన పద్ధతి. రెండవ పాత్రలో గాలి ఒత్తిడి తక్కువ. కనుక అందు రసము తక్కువ వేడికే మరుగును. మూడవదానిలో ఇంకను తక్కువ. ఇట్లు నాలుగు పాత్రలున్నచో ఒక కిలో ఆవిరి, నష్టములు పోగా, నాలుగు కిలోలకు కొంచెము తక్కువ నీటిని పోగొట్టును. 1843లో ఆయన దీనికి పేటెంటు పొందెను. పాత్రలను కాచుటకు వంటచెఱకు కొననక్కఱలేదు. గానుగ నుండి వచ్చిన పిప్పియే చాలును.

ఇదియే కెమికల్ ఇంజనీరింగు. రసాయన శాస్త్రజ్ఞుడు గాజుబుడ్డిలో చేసినదానిని ఇంజనీరు పెద్ద తొట్టిలో చేసి చూపవలెను. బుడ్డిని పెద్దది చేసినంత మాత్రమున పని తీరదు. పొడవు, వెడల్పు, ఎత్తు పదిరెట్లు పెంచినచో లోపలి ద్రవము వేయిరెట్లగును. వేడి బయటికి పోవు ఉపరితలము మాత్రము నూఱురెట్లే. బుడ్డిలో నెమ్మదిగా సాగిన చర్య తొట్టిలో వేడెక్కి ప్రేలిపోవచ్చును. 1984 డిసెంబరులో భోపాలున విషవాయువు వేలమంది ప్రాణములు తీసినది. ఈ విద్య నేర్చువారు ఆ ఉదంతమును తప్పక చదువుదురు.

ఈ విషయమున విశ్వవిద్యాలయపు చదువు 1888లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయమున ఆరంభమైనది. మన ప్రాంతమున ఆంధ్ర విశ్వవిద్యాలయము, ఉస్మానియా సాంకేతిక కళాశాల, వరంగల్ ఎన్.ఐ.టి. దీనిని బోధించుచున్నవి. జహీరాబాదు బాలబాలికలకు అంతదూరమును లేదు. హైదరాబాదు పోవు దారిలోనే కందివద్ద ఐ.ఐ.టి. కలదు. ఇంటర్మీడియటులో గణితము, భౌతిక, రసాయన శాస్త్రములు చదివి ప్రవేశపరీక్షలో నెగ్గినవారికి నాలుగేండ్ల చదువు. గణితమనిన భయపడువారు ముందే ఆ భయము విడువవలెను. చదువులో సగము లెక్కలే!

పట్టా పొందినవారికి ఎరువులు, సిమెంటు, రంగులు, చమురుశుద్ధి, మందుల కర్మాగారములలో పని దొరకును. తాడేపల్లిలో పసుపు పండించు రైతు కుమారుడైన కల్లం అంజిరెడ్డి పూనాలోని జాతీయ రసాయన ప్రయోగశాలలో ఈ విద్యయందే డాక్టరేటు పొంది, 1984లో హైదరాబాదున డాక్టర్ రెడ్డీస్ సంస్థను స్థాపించెను.

అదే రహదారిపైగల పటాన్‌చెరు కథ వేఱు. అచటి కర్మాగారముల మురుగు నక్కవాగులో కలిసి పొలములను, బావులను చెఱచినది. 1990లో ఆ వివాదము సుప్రీంకోర్టు వఱకు పోయినది. మురుగును విడుచుటకు ముందు శుద్ధిచేయుటయు కెమికల్ ఇంజనీరు పనియే; కాని లాభము చూపు పనికి దొరకినంత సులభముగా దీనికి సొమ్ము దొరకదు.

చెఱకులో నూటికి డెబ్బది పాళ్లు నీరని చెప్పుదురు. రసము మరుగగా వెలువడిన ఆవిరిని చల్లార్చి ఆ నీటినే మరల వాడుకొను కర్మాగారము భూమి నుండి తోడవలసిన నీరు తగ్గును. వానలు తక్కువైన యేట ఆ నీరు ప్రక్క పొలములోని బోరుబావికి మిగులును.