ఫ్లాష్ మెమరీ: ఒకేసారి అనేక రాతలు

ఎం.సి.ఏ. మొదటి సంవత్సరంలో మా ప్రాజెక్టు రిపోర్టును పెన్‌డ్రైవ్‌లో వేసుకుని ప్రింటు తీయించడానికి వెళ్లాం. షాపులో తెరిస్తే ఫైలు పేరు ఉంది, లోపల ఏమీ లేదు. కాపీ అయినట్టు తెర మీద కనబడగానే పెన్‌డ్రైవ్ లాగేశాం, తప్పు మాదే. మళ్లీ టైపు చేయడానికి నాలుగు రాత్రులు పట్టింది. ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిమి మేమే కాబట్టి అడగడానికి ఎవరూ లేరు. పుస్తకాలు తిరగేసి తెలుసుకున్నది మన హాస్టల్ తమ్ముళ్లకు పనికొస్తుందని ఇక్కడ రాస్తున్నాం.

పెన్‌డ్రైవ్, మెమరీ కార్డు, ఫోను, ఎస్‌ఎస్‌డి అన్నింటిలోనూ ఉండేది ఫ్లాష్ మెమరీయే. జపాన్‌లోని తోషిబా కంపెనీలో ఫుజియో మసువోకా దీన్ని కనిపెట్టి 1984లో లోకానికి చూపించారు. ఇప్పుడు ఎక్కువగా వాడే నాండ్ రకం 1987లో వచ్చింది.

దీని స్వభావం విచిత్రం. రాసేది పేజీల లెక్కన, తుడిచేది బ్లాకుల లెక్కన. ఒక బ్లాకులో వందల పేజీలుంటాయి. నల్లబల్ల మీద ఒక్క అక్షరం దిద్దాలంటే బల్లంతా తుడవాల్సి వచ్చినట్టు అన్నమాట. కావలసిన పంక్తులను ముందే ఇంకో బల్ల మీదికి ఎక్కించుకోవాలి. చదవడానికి పదుల మైక్రోసెకన్లు చాలు. రాయడానికి వందలు కావాలి. తుడవడానికైతే మిల్లీసెకన్లే పడుతుంది.

అంటే ఒక్క చిప్పు రాతలో నిదానమే. ఎస్‌ఎస్‌డికి వేగం వచ్చేది చాలా చిప్పులు పక్కపక్కన పనిచేయడం వల్ల. ఒకటి రాసుకుంటూ ఉండగా కంట్రోలర్ ఇంకోదానికి పని అప్పగిస్తుంది. కానీ ఆపరేటింగ్ సిస్టమ్ ఒక్కొక్కటిగా పని పంపితే మిగతా చిప్పులు ఖాళీగా కూర్చుంటాయి. మెస్‌లో ఆరుగురు వడ్డించడానికి నిలబడినా లైను ఒక్కటే ఉంటే ఏమవుతుందో మనకు ఒకరు చెప్పాలా!

పాత హార్డు డిస్కులో ముల్లు తిరిగి తిరిగి చదవాలి కాబట్టి ఒక్క వరుస సరిపోయింది. లినక్స్ కూడా ఒక్కో డిస్కుకు ఒక వరుస, దానికి ఒక తాళం పెట్టింది. ప్రాసెసర్‌లో కోర్లు పెరిగేకొద్దీ అన్నీ ఆ తాళం కోసమే ఎదురుచూడసాగాయి. సాటా పద్ధతిలో డిస్కుకు ఒకేసారి ఇవ్వగలిగిన ఆదేశాలు 32. 2011లో వచ్చిన ఎన్‌వీఎంఈ పద్ధతి దాదాపు 65 వేల వరుసలకు వీలిచ్చింది. 2014 జనవరిలో లినక్స్ 3.13లో ఒక్కో కోర్‌కు ఒక్కో వరుస ఉండే బీఎల్‌కే-ఎంక్యూ చేరింది. పాత ఒంటి వరుస పద్ధతిని 2019లో 5.0 నుంచి పూర్తిగా తీసేశారు.

అసలు చిక్కు ఇక్కడే మొదలవుతుంది. రాతలు పక్కపక్కన సాగితే ఏది ముందు ముగుస్తుందో చెప్పలేం. ఫైలు పేరు ముందు చేరి, లోపలి విషయం చేరకముందే కరెంటు పోతే? మా రిపోర్టు గతే పడుతుంది. (మా విషయంలో కరెంటు పోలేదు, మేమే లాగేశాం. ఫలితం ఒకటే. పేరు చిప్పుకు చేరింది, విషయం ఇంకా ర్యామ్‌లోనే ఉంది.) అందుకని ఫైల్ సిస్టమ్ ముందు విషయాన్ని పంపి, అది ముగిసేదాకా ఆగి, డిస్కు తన సొంత క్యాష్‌లో దాచుకున్నది కూడా చిప్పులకు ఎక్కించమని 'ఫ్లష్' ఆదేశం ఇస్తుంది. పేరు తర్వాతే. ప్రోగ్రామ్ రాసేవాళ్లు 'ఎఫ్‌సింక్' పిలిస్తే ఈ పని జరిగేదాకా అది తిరిగి రాదు. అయితే ప్రతి ఫ్లష్ ముగిసేదాకా ఎదురుచూడాలి, సంపాదించిన వేగం కొంత పోతుంది. మా ఉద్దేశంలో వేగం కోసం ఫ్లష్ మానేయడం కంటే నిదానమే నయం.

మన కంప్యూటర్ గదిలో లినక్స్ ఉన్న సిస్టమ్ దొరికితే ఒక పెద్ద ఫైలును పెన్‌డ్రైవ్‌కు కాపీ చేయండి. కాపీ ముగిసిందనగానే టెర్మినల్‌లో 'సింక్' అని కొట్టి గడియారం చూడండి. అది తిరిగి వచ్చేదాకా పట్టిన సమయమంతా ఇంకా చిప్పుకు చేరని రాతదే.