చివరి మాట వినబడాలి



పెళ్లి పందిట్లో మైకు 'కుయ్'మని కూయడం మీరు వినే ఉంటారు. ఎందుకలా కూస్తుంది? స్పీకరులోంచి వచ్చిన చప్పుడు మళ్లీ మైకులోకి పోతుంది. అది మరింత పెద్దదై స్పీకరులోంచి వస్తుంది. మళ్లీ మైకులోకి పోతుంది. అలా తిరిగి తిరిగి కూతగా మారుతుంది.

అప్పుడు మైకు సెట్టు అతను ఒక పెట్టె మీద చెయ్యి వేస్తాడు. ఏదో తగ్గిస్తాడు. కూత ఆగిపోతుంది. ఆ పెట్టె పేరు మిక్సర్. రేడియో స్టూడియోలో కూడా మిక్సర్ ఉంటుంది.

దాన్ని నడపడం మనవల్ల అవుతుందా? ఎందుకు కాదు?

జహీరాబాద్ దగ్గర మాచునూరు అనే పల్లె ఉంది. ఇప్పుడది సంగారెడ్డి జిల్లా. అప్పుడు మెదక్ జిల్లా. 2008 అక్టోబరు 15న అక్కడ 'సంఘం రేడియో' మొదలైంది. అది దళిత మహిళా రైతుల సంఘాల రేడియో. జనరల్ నర్సమ్మ, ఆల్గోల్ నర్సమ్మ అనే ఇద్దరు ఆడవాళ్లు దాన్ని నడిపారు. సేద్యం, ఆరోగ్యం, పాటలు అన్నీ తమ ఊరి మాటల్లోనే వినిపించారు.

రేడియో తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లో చెప్పింది. 2006లో స్వచ్ఛంద సంస్థలు కూడా చిన్న రేడియోలు పెట్టుకునే వీలు వచ్చింది. అందుకే ఆ పల్లెకు రేడియో వచ్చింది.

ఇప్పుడు మీరే మిక్సర్ ముందు కూర్చున్నారనుకోండి. ఎదురుగా రెండు మైకులున్నాయి. ఒక మైకు ముందు పెద్దమ్మ. ఆమె గొంతు చిన్నది. రెండో మైకు ముందు మామ. ఆయన మాట్లాడితే నాలుగు వీధులకు వినబడుతుంది. ఇద్దరూ విత్తనాల గురించి చెబుతారు.

మొదటి పని: పేర్లు రాయడం. మిక్సర్ మీద మీటలు వరసలుగా ఉంటాయి. ఒక్కో మైకుకు ఒక్కో వరస. వరస కింద కాగితం ముక్క అంటించండి. 'పెద్దమ్మ', 'మామ', 'పాట' అని రాయండి. బాగా పని తెలిసినవాళ్లూ ఇలాగే రాసుకుంటారు. మీరు నేర్చుకున్న అక్షరం ఇక్కడ పనికొస్తుంది.

రెండో పని: గొంతు చూసుకోవడం. వరస పైన గుండ్రటి మీట ఉంటుంది. దాన్ని గెయిన్ అంటారు. 'హలో అను పెద్దమ్మా' అనకండి. అంటే ఆమె గట్టిగా అరుస్తుంది. 'పొద్దున ఏం వండావు పెద్దమ్మా?' అని అడగండి. మామూలుగా మాట్లాడుతుంది. అప్పుడు గెయిన్ మెల్లగా పెంచండి. చిన్న దీపాలు వెలుగుతాయి. పచ్చ దీపం మంచిది. ఎర్ర దీపం వెలిగితే గొంతు పగులుతుంది. కూరలో ఉప్పు తక్కువైతే కలుపుకోవచ్చు. ఎక్కువైతే తీయలేం. పగిలిన గొంతు కూడా అంతే, తర్వాత బాగు చేయలేం.

మూడో పని: మీట జరపడం. వరస కింద పైకీ కిందికీ జారే మీట ఉంటుంది. అది ఫేడర్. పైకి జరిపితే గొంతు పెరుగుతుంది. కిందికి జరిపితే తగ్గుతుంది. పెద్దమ్మ మాట్లాడేటప్పుడు పాట ఫేడర్ బాగా దించండి. మామ ఫేడర్ కూడా దించండి. లేకపోతే ఆయన దగ్గు, కాగితాల చప్పుడు వినబడతాయి. చేతికి గాజులుంటే వాటి గలగల కూడా మైకులో పడుతుంది.

నాలుగో పని: వినడం. మైకు తెరిచినప్పుడు ఆ గదిలో స్పీకరు మూసేస్తారు. ఎందుకో మీకిప్పుడు తెలుసు. అందుకే హెడ్‌ఫోన్ చెవులకు పెట్టుకోవాలి. దీపాలు చప్పుడు ఎంత ఉందో చెబుతాయి. మాట అర్థమైందో లేదో మన చెవే చెప్పాలి.

పెద్దమ్మ ఇలా అందనుకోండి: 'మందు పట్టించిన విత్తులు కడిగినా తినొద్దు.' మాట చివరికి వచ్చేసరికి చాలామందికి గొంతు దిగిపోతుంది. మన భాషలో 'వద్దు', 'లేదు', 'కాదు' వచ్చేది చివర్లోనే! మీరు తొందరపడి ఫేడర్ దించారనుకోండి. 'మందు పట్టించిన విత్తులు కడిగినా తిన...' అని ఆగిపోతుంది. విన్నవాళ్లు ఏమనుకుంటారు? కడిగి తినొచ్చు అనుకుంటే ప్రాణం మీదికి వస్తుంది.

కాబట్టి ఆమె మాట పూర్తిగా ఆగనివ్వండి. ఒక్క ఊపిరి తీసుకోండి. ఆ తర్వాతే ఫేడర్ దించండి.

గట్టి గొంతు ఎలాగూ వినబడుతుంది. చిన్న గొంతును చివరి మాట దాకా వినిపించడమే మిక్సర్ ముందు కూర్చున్న మనిషి పని.

చెప్పండి
1. మైకు ఎందుకు కూస్తుంది?
2. ఎర్ర దీపం వెలిగితే ఏమవుతుంది?
3. మీ సంఘం మీటింగులో ఎవరి మాట వినబడటం లేదు? ఎందుకు?

రాయండి
మీ ఊళ్లో రేడియో ఉంటే మీరు చెప్పాలనుకునే ఒక్క మాట రాయండి. చివర్లో 'వద్దు' వచ్చేలా రాసి, పక్కవారికి గట్టిగా చదివి వినిపించండి.