ఇన్వర్టరు బ్యాటరీ యెన్నేండ్లు మన్నును?



1996 నవంబరు 6వ తేదీ తుపానుకు కోనసీమ చీకటిలో మునిగిన సంగతి పెద్దలు మరువలేదు. నేడు అమలాపురము, రాజోలు, కొత్తపేట ప్రాంతములందు పెక్కు యిండ్లలో ఇన్వర్టరు బ్యాటరీ కలదు. అక్కరపడిన రాత్రి అది వెలుగ వలయునన్నచో దాని స్వభావము నెరుగవలయును.

బండి బ్యాటరీ క్షణకాలము బలముగా కరెంటునిచ్చును. గంటల కొలది ఇచ్చుటకు ట్యూబులరు బ్యాటరీయే తగును.

లెక్క చూతము. 12 వోల్టులు, 150 ఆంపియరు గంటల బ్యాటరీలో 1,800 వాటు గంటలుండును. సగమే వాడుట క్షేమము, అనగా 900. ఇన్వర్టరు తరుగు పోగా 75 వాట్ల పంఖా, 25 వాట్ల దీపములు సుమారు ఏడు గంటలు నడచును. పూర్తిగా ఖాళీచేసి విడిచినచో పలకలపై లెడ్ సల్ఫేటు గట్టిపడి శక్తి తగ్గును.

డిస్టిల్డు వాటరే పోయుడు, ఆమ్లము కలుపరాదు. మేమొక యింట ఉప్పు బోరునీరు పోయుట చూచితిమి. ఆ బ్యాటరీ రెండవ వర్షాకాలము దాటలేదు. ఎండ తగులని, గాలి యాడు చోట నుంచుడు. వెలువడు వాయువు మండునది గాన దీపము దగ్గరకు తేరాదు.

శ్రద్ధగల యింట నాలుగైదేండ్లు మన్నును. అశ్రద్ధచే రెండేండ్లకే చెడును. కనుక ఆశ్వయుజ కార్తికముల తుపానులకు ముందే ఒక రాత్రి మెయిను స్విచ్చి ఆపి పరీక్షించుకొనుడు.